బెంజమిను ఫ్రాంక్లినుని యాత్మపరీక్ష

తన మనస్సును దాను పరీక్షించుకొనవలెనని చెప్పని పెద్దలు లేరు. ఎట్లు పరీక్షించుకొనవలెనో విధము చూపినవారు మాత్రము మిక్కిలి తక్కువ. రాత్రి నిద్రకు ముందు కన్నులు మూసికొని నాటి నడవడిని తలచుకొనుట యనునది వినుటకు సులభముగానే యుండును. పట్టుమని పది దినములు చేసి చూచినవారికి గాని దాని కష్టము తెలియదు. మనస్సు తన తప్పులను దాచుటలో మిగుల నేర్పు గలది. న్యాయస్థానములయందు బహుకాలము మెలగినవారు దీనిని నిత్యమును చూచుచుందురు. తనకు ప్రతికూలమగు సంగతిని దాటవేయుటకు సాక్షి అబద్ధమాడవలసిన పని కూడ లేదు, నిజముగానే మఱచిపోవును. ఇక విచారించువాడును, విచారింపబడువాడును, సాక్షియు, వ్రాయసకాడును ఒక్కడే యైన చోట నిజము వెలువడుట యెంత కష్టమో వేఱుగ చెప్పనేల?

ఈ కష్టమునకు ఉపాయము వెదకి, ఆ యుపాయమును కాగితముపై గీతలుగా గీసికొని, దానితో తానెంతవఱకు నెగ్గెనో యెంతవఱకు ఓడెనో లోకమునకు చాలవఱకు దాపఱికము లేక తెలిపిన యొక పురుషుని చరిత్రమును ఇక్కడ వ్రాయుచున్నాను. ఆయన బెంజమిను ఫ్రాంక్లిను. మెఱుపునందలి శక్తియు విద్యుచ్ఛక్తియు ఒకటేయని నిరూపించిన శాస్త్రజ్ఞుడుగా కొందఱును, అమెరికా స్వాతంత్ర్యమునకు పాటుపడిన రాజ్యతంత్రజ్ఞుడుగా కొందఱును ఆయనను ఎఱుగుదురు. ఆ దేశపు నూఱు డాలర్ల నోటుమీద నున్నది ఆయన ముఖమే. ఇప్పుడు మనకు కావలసినది ఆ కీర్తి గాదు. ఆయన రాత్రివేళ తెఱచుచుండిన యొక చిన్న పుస్తకము.

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను పట్టణమున జన్మించెను. అప్పటికి ఆ ప్రాంతములు ఇంగ్లీషువారి వలసరాజ్యములు. తండ్రి జోసయా ఇంగ్లండునుండి వచ్చి స్థిరపడి, కొవ్వువత్తులును సబ్బును చేసి యమ్ముకొని పెద్ద సంసారమును పోషించుచుండెను. పదునేడుగురు బిడ్డలలో బెంజమిను పదునైదవవాడు, మగబిడ్డలలో కడపటివాడు. బడిచదువు రెండేండ్లతో ముగిసెను. పదియవ యేట తండ్రి దుకాణములో వత్తులు కత్తిరింప కూర్చుండెను. ఆ పని గిట్టకపోగా, పండ్రెండవ యేట, అచ్చుకూటము నడుపుచుండిన అన్న జేమ్సునొద్ద ఇరువదియొకటవ యేటివఱకు పనిచేయుటకు ఒడంబడిక వ్రాసియిచ్చెను.

అచ్చుకూటమే ఆతనికి కళాశాల యయ్యెను. తాను మాంసము మానెదను, తన భోజనమునకగు ఖర్చులో సగము తన చేతికే యిమ్మని యన్నను అడిగి, అందులోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను. లండనులో వెలువడిన స్పెక్టేటరు పత్రిక సంపుట మొకటి ఆతని చేతబడెను. అందలి వ్యాసములను చదివి, ఒక్కొక్క వాక్యభావమునకు చిన్న గుఱుతు వ్రాసికొని, కొన్ని దినములు ప్రక్కన బెట్టి, పిమ్మట ఆ గుఱుతులనుబట్టి వ్యాసమును తన మాటలలో తిరిగి వ్రాసి, మూలముతో సరిపోల్చి తన తప్పులను దిద్దుకొనుచుండెను. గురువు లేని బాలుడు తన్ను దాను దిద్దుకొనుటకు కనిపెట్టిన మార్గమిది. తరువాత నడవడి విషయమున ఆయన అవలంబించిన పద్ధతి కిదియే బీజమని నా యభిప్రాయము.

అన్నదమ్ములకు పొసగలేదు. అన్న కొట్టుచుండెను. 1723లో, పదునేడవ యేట, ఒడంబడిక మీఱి ఫ్రాంక్లిను పాఱిపోయి ఫిలడెల్ఫియా చేరెను. బోస్టను విడిచిన యా ప్రయాణమున నొక చిన్న సంగతి జరిగినది. గాలి లేక పడవ నిలిచిపోగా తోడివారు చేపలు పట్టి వేయించుచుండిరి. చేపను చంపుట నిష్కారణహింస యని ఫ్రాంక్లిను అప్పటి నియమము. కాని వేపుడు వాసన కమ్మగా నుండెను. కోసిన పెద్దచేప కడుపులో చిన్నచేపలుండుట చూచి, అవి యొకదాని నొకటి తినుచుండగా వానిని తాను తినిన తప్పేమని సమాధానపడి కడుపార భుజించెను. ఏమి చేయగోరినను దానికి తగిన కారణమును కల్పించి యిచ్చు బుద్ధి మనుష్యునకుండుట యెంత సౌకర్యమో యని ముసలితనమున ఆ సంగతి వ్రాయుచు ఆయన నవ్వుకొనెను. ఆత్మపరీక్షకు పూనుకొనువారందఱును మొదట ఎఱుగవలసిన శత్రువు ఈ సౌకర్యమే.

తరువాతి మూడేండ్లలో ఆయన చేసిన పనులు గౌరవింపదగినవి కావు. అన్న స్నేహితుడొకడు వసూలు చేసి దాచియుంచుమని నమ్మి యొప్పగించిన సుమారు 35 పౌనుల సొమ్మును వాడుకొనెను. 1724లో లండను వెళ్లి అచ్చుపనిలో కుదిరి, తనకై యెదురుచూచుచుండిన డెబోరా రీడు అను కన్యకకు ఒక్క యుత్తరము మాత్రము వ్రాసి మిన్నకుండెను. స్నేహితుని యాశ్రితురాలి యెడల ననుచితముగ ప్రవర్తించి ఆ స్నేహమును పోగొట్టుకొనెను. 1725లో, పందొమ్మిదవ యేట, పుణ్యపాపములను భేదమే లేదని తర్కించుచు నొక చిన్న పుస్తకము వ్రాసి తానే అచ్చొత్తెను. ఈ తర్కమును విని తనవంటివారైన మిత్రులు తన్నే మోసగించినప్పుడు, తానును ఇతరులకు చేసిన ద్రోహములు జ్ఞప్తికి వచ్చినప్పుడు, ఈ సిద్ధాంతము తర్కమున కెంత నిలిచినను బ్రతుకునకు పనికిరాదని ఆయనకు తోచెను. మిగిలిన ప్రతులను చాలవఱకు తగులబెట్టెను. ఖండనగ్రంథము లేవియు చేయలేని పనిని, చేతినుండి జాఱిన పరుల సొమ్ము చేసినది.

వృద్ధాప్యమున ఆత్మకథ వ్రాయునపు డీ తప్పులను ఆయన పాపములనక అచ్చుతప్పులనెను. వృత్తికి తగిన మాటయే గాని, అందులో నొక గడుసుదనము లేకపోలేదు. అచ్చుతప్పును రెండవ కూర్పులో దిద్దవచ్చును. నమ్మినవారికి చేసిన కీడు అట్లు చెఱిగిపోవునా? అయినను దిద్దగలిగినంత దిద్దెనని యొప్పుకొనవలెను. సొమ్మును కొన్నియేండ్లకు వడ్డితో చెల్లించెను. మధ్యకాలమున నొక దుష్టుని వివాహమాడి వానిచే విడువబడిన డెబోరాను 1730లో భార్యగా స్వీకరించెను. అన్న చనిపోవునపుడు కోరినట్లు అతని కుమారుని చేరదీసి చదువును అచ్చుపనియు నేర్పించెను.

1726లో ఓడలో ఫిలడెల్ఫియాకు తిరిగివచ్చుచు, తన బ్రతుకింతవఱకు పొందికలేని నాటకమువలె నున్నదని తలచి, ఇకమీద నడువవలసిన రీతిని కొన్ని నియమములుగా వ్రాసికొనెను. 1727లో కొందఱు పనివారిని కూడగట్టి, వారమునకొకసారి చేరి నీతి, రాజ్యనీతి, ప్రకృతిశాస్త్ర విషయములు చర్చించు సంఘమును స్థాపించెను. 1728లో సొంత అచ్చుకూటము పెట్టెను. తండ్రి మతమందలి సిద్ధాంతములు కొన్ని ఆయనకు రుచింపలేదు. కాని జగత్కర్త యొక్కడు గలడనియు, ఆయనకు ప్రీతికరమైన యారాధనము తోడి మనుష్యులకు మేలు చేయుటయే యనియు నమ్మెను. ఆ 1728లోనే తన సొంతమునకై యొక చిన్న ఉపాసనావిధిని గూర్చుకొనెను.

చిన్న పుస్తకము కథ దీనికి కొంచెము తరువాతిది. ఏ కాలమునందును ఏ తప్పును చేయకుండ జీవింపవలెనని యీ యువకుడు సంకల్పించెను. తప్పేదో యొప్పేదో తెలిసినప్పుడు ఒప్పునే యేల చేయరాదని ఆతని తర్కము. కొలదిదినములలోనే తెలిసినదేమనగా, ఒక తప్పునకు కాపలా కాయుచుండగా మఱియొకటి దొడ్డిదారిని వచ్చుచుండెను; బుద్ధి ఏమఱిన క్షణమున అలవాటు గద్దెనెక్కుచుండెను. తెలివి వేఱు, అలవాటు వేఱు. తెలివితో అలవాటును జయింపలేము, అలవాటును మఱియొక యలవాటుతోనే జయింపవలెనని ఆయన గ్రహించెను.

కావున మితమైన యన్నపానములు, మితభాషణము, క్రమము, దృఢసంకల్పము, మితవ్యయము, పరిశ్రమ, నిష్కపటత, న్యాయము, మితవర్తనము, శుచిత్వము, శాంతి, శీలశుద్ధి అని పండ్రెండు గుణములను ఏర్పఱచుకొని, ఒక్కొక్కదానికి రెండుమూడు మాటలలో అర్థము వ్రాసికొనెను. పెద్దపెద్ద పేర్లు పెట్టుకొనక, పేర్లెక్కువై అర్థము తక్కువైనను మేలనుకొనెను. ఈ పట్టిక చూచిన క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు, నీకు గర్వము మెండని లోకులనుకొనుచున్నారని చెప్పి దృష్టాంతములు చూపెను. అందుచే పదుమూడవదిగా వినయము చేరెను. ఈ పదుమూడవ గుణము తన పరీక్షవలన దొరకలేదు, పరుని నోటినుండి వచ్చినది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

పుస్తకములో ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క పుట. పుటలో ఎఱ్ఱసిరాతో ఏడు దినములకు ఏడు నిలువు గడులు, పదుమూడు గుణములకు పదుమూడు అడ్డగీతలు. రాత్రి కూర్చుండి నాడు చేసిన తప్పునకు తగిన గడిలో నల్లచుక్క పెట్టవలెను. వారమునకొక్క గుణముమీద ప్రత్యేకముగ దృష్టి నిలుపవలెను. తక్కినవానిని మామూలుగా గమనించి చుక్కలు పెట్టిన చాలును. తోటలో కలుపు తీయువాడు ఒక్కమాఱే తోటయంతయు పెఱుక బూనక మడివెంట మడి శుభ్రము చేసినట్లు, పదుమూడు వారములలో ఒక యావృత్తి, సంవత్సరమునకు నాలుగావృత్తులు. వేకువను అయిదింటికి లేచి ఈ దినమున ఏ మేలు చేయుదునని ప్రశ్నించుకొనుట, రాత్రి ఏ మేలు చేసితినని ప్రశ్నించుకొనుట నియమము. పట్టికకు ముందు భగవంతుని సాయము వేడు చిన్న ప్రార్థన నొకటి చేర్చుకొనెను. పాత చుక్కలను గీకి క్రొత్త యావృత్తికి వాడుచుండుటచే కాగితము తూట్లు పడగా, ఏనుగుదంతపు రేకులపై చెఱగని యెఱ్ఱగీతలు గీయించి, సీసపు లేఖినితో చుక్కలు పెట్టి, తడి స్పంజితో తుడుచుచు వచ్చెను.

తాననుకొనిన దానికంటె తనయందు దోషములు మిక్కుటముగ నున్నవని చూచి ఆశ్చర్యపడెను. అవి క్రమముగా తగ్గుట చూచి సంతోషించెను. మిక్కిలి బాధించినది క్రమము. ఏ వస్తువు దానిచోట, ఏ పని దానివేళ నుండవలెననుట ఆయనకు జీవితాంతమువఱకు పట్టుబడలేదు. ఇక్కడ నొక కథ చెప్పెను. గొడ్డలి కొన్నవాడొకడు దాని యంచువలెనే పైభాగమంతయు తళతళలాడవలెనని కమ్మరిని కోరెను. చక్రము త్రిప్పినచో సానపట్టెదనని కమ్మరి యనెను. త్రిప్పి త్రిప్పి యలసిపోయి, ఇక చాలును, మచ్చల గొడ్డలియే నాకు మిక్కిలి యిష్టమని వాడు గొడ్డలి పుచ్చుకొని పోయెను. అలసట ఎక్కడ ముగిసినదో ఇష్టము ఎక్కడ మొదలైనదో వానికే తెలియదు.

వినయము విషయమున ఆయన మఱింత నిక్కచ్చిగా నుండెను. నిస్సంశయముగా, నిశ్చయముగా అను మాటలను వాడుట మానివేసి, నాకు తోచినంతవఱకు అనుట అలవాటు చేసికొనెను. ఎదుటివాడు పొరబడినను వెంటనే ఖండించుట మానెను. దీనివలన సభలలో తన మాటకు విలువ పెఱిగెనని చెప్పుచు, ఇది వినయముయొక్క వేషమే గాని వినయము గాదనియు, గర్వమును పూర్తిగ జయించితినని తలచినచో ఆ వినయమునకై మరల గర్వపడుదుననియు ఒప్పుకొనెను. వేషమే యైనను ఏబదియేండ్లు వేసినవానికి అది తోలుగా మాఱదా యని యడుగవచ్చును.

ఆయన చేసిన ప్రజాహితకార్యములను విస్తరింపను. 1731లో చందాదారుల గ్రంథాలయము, 1736లో అగ్నిప్రమాదముల నార్పు సంఘము, 1751లో వైద్యశాల ఆయన పూనికతో ఏర్పడెను. నలువది రెండవ యేట, 1748లో, ఇక సంపాదించినది చాలునని వ్యాపారమును భాగస్వామికి విడిచి, శాస్త్రపరిశోధనకును లోకవ్యవహారమునకును కాలమును మళ్లించెను. చాలునను మాట ఆ వయస్సులో అనగలిగిన ధనార్జనపరు లెందఱున్నారు? ఇంటివిషయము అంత నిండుగ లేదు. రాజకార్యములమీద లండనులో బహుకాలముండెను. 1774లో డెబోరా చనిపోవునాటికి ఆమె ఆయనను చూచి పదియేండ్లయ్యెను.

ఇక అసలు సంగతికి వచ్చెదను. పట్టికలో న్యాయము అను వరుస ఉన్నది గదా. ఎవరికిని కీడు చేయకుండుట, చేయవలసిన మేలును మానకుండుట యని ఆయనయే దాని కర్థము వ్రాసికొనెను. ఆ దినములలోనే ఆయన ఇంట బానిసలుండిరి. ఆయన నడుపు పెన్సిల్వేనియా గెజెటులో మనుష్యులను విక్రయించు ప్రకటనలును, పాఱిపోయిన బానిసలను పట్టియిచ్చినవారికి బహుమాన మిత్తుమను ప్రకటనలును అచ్చుపడి, వానివలన ఆదాయము వచ్చుచుండెను. బానిసత్వమును ఖండించుచు 1729లో రాల్ఫు శాండిఫర్డును, కొన్నియేండ్లకు బెంజమిను లేయును వ్రాసిన గ్రంథములను అచ్చొత్తినదియు ఆ యచ్చుకూటమే! వాదము ఆయనకు తెలియనిది కాదు. అయినను రాత్రి నల్లచుక్క పెట్టునపుడు న్యాయపు గడిలో ఈ విషయమునకై చుక్క పడినదను జాడ యెక్కడను లేదు. తాను అచ్చుతప్పులని పేరుపెట్టి యెంచిన వానిలోను ఇది చేరలేదు. ఆ అచ్చుతప్పులలో మొదటిది ఒడంబడిక మీఱి యజమాని నుండి పాఱిపోవుట యనునది తలచిన నాకు మనసు కలుక్కుమనును.

వ్యాజ్యములో వివాదాంశము లేర్పఱచుట ముగియగానే సగము తీర్పు ముగిసినట్లే. ఎత్తని యంశముమీద సాక్ష్యము తీయరు. సాక్ష్యము లేనిదానిమీద తీర్పు చెప్పరు. ఫ్రాంక్లిను న్యాయాధిపతిగా నిక్కచ్చివాడే, సాక్షిగా నిజాయితీ గలవాడే. అంశము మాత్రము ఎత్తబడలేదు. ఊరివారందఱును తప్పనుకొనని తప్పు గడిలో పడదు. మనలో దినచర్య వ్రాయువారు తక్కువ గారు. గుమాస్తామీద కోపపడితిననియు, ప్రొద్దెక్కి లేచితిననియు వ్రాసికొందురు. ఇంటిపని చేయు మనిషికి వేఱుగ నుంచిన గ్లాసు సంగతి ఏ పుటలో వ్రాయబడుచున్నది?

1757లో లండను పోవునపుడు పీటరు అను బానిసను ఫ్రాంక్లిను తనవెంట తీసికొనిపోయెను. కుమారుడు విలియముతో కింగు అనువాడు వెళ్లెను. ఆ సంవత్సరము వ్రాసిన మరణశాసనములో, తన మరణానంతరము పీటరును అతని భార్య జెమైమాను స్వతంత్రులగుదురు గాక యని వ్రాసెను. మరణశాసనములు వ్రాయించు వృత్తిలో నున్న నాకు ఇట్టి నిబంధనల స్వభావము తెలియును. తన జీవితకాలమున తనకేమియు ఖర్చు గాని ధర్మము మనస్సునకు మిగుల సుఖకరముగ నుండును. కింగు అంతవఱకు వేచియుండలేదు; ఇంగ్లండులోనే పాఱిపోయి యొక దొరసానినొద్ద చేరి చదువనువ్రాయ నేర్చుకొనెను.

మార్పు పుస్తకమునుండి గాక కండ్లారా చూచుటనుండి వచ్చెను. ఫిలడెల్ఫియాలో నల్లవారి పిల్లలకు ఒక పాఠశాల యుండెను. దాని స్థాపనకు ఫ్రాంక్లినే సలహా యిచ్చియుండెను. 1763లో ఆయన దానికి పోయి పిల్లలను స్వయముగ పరీక్షించెను. వారి గ్రహణశక్తియు, జ్ఞాపకశక్తియు, వినయమును తెల్లపిల్లలకు ఏ విధమునను తీసిపోవని చూచి, ఆ విషయమును పాఠశాల నడుపువారికి వ్రాయుచు, తనకు పూర్వమేల సందేహము గలిగెనో, ఆ దురభిమానములను సమర్థింపజాలననియు, అవి యెట్లు గలిగెనో చెప్పజాలననియు తెలిపెను. ఆత్మకథయం దంతట నున్న యచ్చుతప్పులకంటె ఈ యొక్క యొప్పుదల బరువైనదని నాకు తోచుచున్నది.

అయినను కన్ను తెఱచుటకును చేయి కదలుటకును నడుమ ఇరువదియేండ్లకు మించి పట్టెను. ఆ నడుమ ఆయన 1776లో స్వాతంత్ర్యప్రకటనపై చేవ్రాలు చేసెను. ఫ్రాంసులో రాయబారియై 1783 నాటి సంధిని సాధించెను. రాజపక్షమున నిలిచిన కుమారుని పోగొట్టుకొనెను. 1785లో స్వదేశము చేరెను. 1787లో ఆయన చేవ్రాలు చేసిన రాజ్యాంగము, బానిసల దిగుమతిని 1808వ సంవత్సరమునకు ముందు కాంగ్రెసు నిషేధింపరాదని కట్టడి చేసెను. ఆ సంవత్సరమే ఆయన బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. అప్పటి కెనుబదియొక్క యేండ్లు. మూత్రాశయమందలి రాయిచే తీవ్రముగ బాధపడుచుండెను.

1790 ఫిబ్రవరిలో, బానిసలను విముక్తులను చేయుటకు పూనుకొనవలెనని కోరుచు ఆ సంఘము కాంగ్రెసునకు పంపిన విజ్ఞాపనపై ఆయన చేవ్రాలుండెను. దక్షిణరాష్ట్రముల ప్రతినిధులు మండిపడిరి. బానిసత్వము శాస్త్రసమ్మతమనియు, బానిసలు లేక భూములు సాగు గావనియు జార్జియా ప్రతినిధి జేమ్సు జాక్సను ఉపన్యసించెను. రాష్ట్రములలోని బానిసల విముక్తి విషయమున తనకధికారము లేదని సభ తేల్చెను. మంచము పట్టియున్న ఫ్రాంక్లిను మార్చి నెలలో పత్రిక కొక లేఖ వ్రాసెను. నూఱేండ్ల క్రిందట ఆల్జీర్సు నగరమున ఒక తురుష్క ప్రముఖుడు, పట్టుబడిన క్రైస్తవులను బానిసలుగ నుంచుట యెంత న్యాయమో చెప్పిన యుపన్యాసమని కల్పించి, జాక్సను చెప్పిన కారణములన్నిటిని వాని నోట పెట్టెను. చేపకడుపులో చిన్నచేపలను చూచి సమాధానపడిన బుద్ధిని ఎఱిగినవాడు గనుక, ఎదుటివారి సమాధానములను అంత చక్కగా పట్టుకొనగలిగెను.

నెల తిరుగకముందే, 1790 ఏప్రిలు 17వ తేదీన, ఎనుబదినాల్గవ యేట ఫిలడెల్ఫియాలో మరణించెను. మరణశాసనము తెఱచిరి. అల్లుడు రిచర్డు బాచి తనకు ఈయవలసియుండిన రెండువేల పౌనులకు మించిన బాకీని అందులో విడిచిపెట్టెను. అందుకు బదులుగా, బాబ్ అను పేరుగల తన బానిసను అల్లుడు వెంటనే విడుదల చేయవలెనని కోరియుండెను.